ఉన్న పేరే ఉండనియ్

ఏనుమాముల మార్కెట్ల
మిర్చి మోపు దిగుడు మొదలైతే
నా ఫోన్ మోగుడు మొదలైతది.
కంప్యూటర్ డబ్బా మూత విప్పంగనే తుమ్ములు.
ఫ్యాన్ రెక్కల మీద ఎర్రటి నూగు,
తేజ రకమో, చపాటా రకమో
నా ముక్కే చెప్తది.

దుమ్ము ఊది, బ్రష్ కొట్టి,
విండోస్ కొత్తగ ఎక్కించినంక
అలవాటుకొద్ది అడుగుత:
"దీనికి పేరేం పెడదాం?"

శానామంది నా మొఖం చూస్తరు.
"దానికి పేరెందుకు తమ్మీ, పని చేస్తె సాలదా?"
సరేనని వదిలేస్త.
డెస్క్‌టాప్, ఒక గీత, అటెన్క
ఏడు అక్షరాల చెత్త.
బస్సు టికెట్ మీది నెంబర్ లెక్క
ఎవలూ పిలువని పేరు.

అడ్తి నరహరి సేటు ఒక్కడే
దుకాణం బోర్డు మీదిది మొత్తం కొట్టుమన్నడు,
శ్రీలక్ష్మీ ట్రేడర్స్ అని, ఇంగ్లీషుల.
పదిహేను దాటొద్దన్నది మిషిను.
లక్ష్మి లోపలికి వచ్చింది
చివరి రెండక్షరాలు బయట నిలవడ్డయి.
వారం దినాలు ఫోన్ చేసిండు సేటు,
"ఆ రెండు ఏడవోయినయ్‌రా?"

విత్తనాల షాపు పిలగాడు
తనదానికి పులి అని పెట్టుకున్నడు.
పులి లేవాలంటె ఆరు నిమిషాలు.
అందాక నేను చాయ్ తాగుత.

పత్తి యార్డు కాంటా రూముల
ఇంకోటున్నది.
పట్నంల ఏదో ఆఫీసు మూతవడితె
కిలోల లెక్కన కొనుక్కొచ్చిన పాతది.
దాని పేరు హిమజ-పీసీ.
ఎవరా హిమజ, ఏం పని చేసేదో,
కుర్చీ ఖాళీ చేసిన రోజు
ఎవలకన్న చెప్పి పోయిందో లేదో.
ఫైళ్లన్నీ తుడిచిన,
పేరు కాడికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

ఇప్పుడు హమాలీలు కూడ అంటరు
"ఇయ్యాల హిమజ మొరాయిస్తున్నదన్నా."
తూకం చీటీ అడుగున సన్నగ అచ్చయితది ఆ పేరు.
గీసుగొండ రైతు ఒకాయన
చీటీ పట్టుకొని కిటికీల తలపెట్టి అడిగిండట:
"ఈ హిమజ మేడం ఎవరు?
తరుగు బాగ తీస్తున్నది, ఒకపారి మాట్లాడాలె."

"మారుద్దునా కాకా?" అన్న
కాంటా మీది పెంటయ్యను.
అద్దాలు తీసి, తువ్వాలతోని తుడిచి,
మళ్ల పెట్టుకునేదాక ఏం అనలే.
"నాకంటె ముందు నలుగురు పుట్టి పోయిండ్రు.
నన్ను చాటల వేసి
పెంటకుప్ప మీద పండవెట్టిండ్రు.
పక్కింటామె ఎత్తుకుంటె
తవ్వెడు నూకలిచ్చి మళ్ల కొనుక్కున్నదట మా అవ్వ.
చావు వచ్చి చూసి,
ఎవలో పారేసిన దాన్ని నేనేం జేసుకుంట అని
ఎనుకకు మర్లిందట.
బడిల సారు ప్రభాకర్ అని రాయబోతె
పలక గుంజుకొని, నన్నూ గుంజుకొని
ఇంటికి తెచ్చింది.
అరవై రెండేండ్లు, బిడ్డా.
ఉన్న పేరే ఉండనియ్."

బయట పత్తి బండ్ల వరుస
మెయిన్ రోడ్డు దాక సాగింది.
నేను వైర్లు చుట్టుకున్న.

కుమార్‌పల్లిల నా రూము,
నా పాత ల్యాప్‌టాప్.
ఊరందరి మిషిన్లకు పేర్లు పెట్టిన చెయ్యి
పదకొండేండ్లాయె, దీన్ని ముట్టలేదు.
మేడారం జాతర నెల పుట్టిన్నని
సమ్మయ్య అన్నరు నన్ను.
ఐటీఐల పిల్లలు నవ్విండ్రని
ఇరవై రెండేండ్లకు ఫీజు కట్టి
గెజిట్‌ల సుమంత్‌నయిన.
నవ్వినోళ్ల పేర్లు ఇప్పుడు ఒక్కటీ యాదికి లేవు.

రాత్రి ఆ డబ్బాల కొట్టిన: సమ్మయ్య.
ఇంగ్లీషుల ఎనిమిదే అక్షరాలు,
మస్తు జాగ మిగిలింది.
మిషిను అడిగింది,
ఒకపారి ఆరిపోయి మళ్ల వెలిగితెనే
కొత్త పేరు పడుతదట.
ఇప్పుడా, తర్వాతనా?

కింది నుంచి అమ్మ పిలిచింది,
"సమ్మిగా, బువ్వ చల్లారుతాంది."

తర్వాత అని నొక్కి
మెట్లు దిగిన.